ఇంటి నిర్ణయం, ఊరి భవిష్యత్తు

జనాభా పెరుగుదల, సుస్థిర అభివృద్ధి అనే రెండు ప్రశ్నలూ ప్రభుత్వ కార్యాలయాల్లో మాత్రమే తేలేవి కావు. పట్టణ పట్టణానా ఉన్న రోటరీ, లయన్స్ వంటి సేవాక్లబ్బులు ఈ విషయంలో ఏమి చేయగలవో, ఏమి చేయకూడదో ఏడు దశాబ్దాల భారతీయ అనుభవం చెబుతోంది.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హులంటూ 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో చేర్చిన నిబంధనను, ముప్పై ఏళ్ల తరువాత 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. పిల్లలు తక్కువగా ఉండాలని చట్టం ద్వారా చెప్పిన రాష్ట్రమే నేడు జననాలు మరీ తగ్గుతున్నాయని, వృద్ధుల వాటా పెరుగుతోందని ఆందోళన చెందుతోంది. అదే కాలంలో బిహార్‌లో ఒక్కో స్త్రీకి సగటున ముగ్గురు, పశ్చిమాఫ్రికాలోని నైజర్‌లో ఆరుగురు పిల్లలు పుడుతున్నారు. 2022 నవంబరు 15న ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించగా, ఆ మరుసటి ఏడాది భారతదేశం చైనాను దాటి అత్యధిక జనాభా గల దేశమైంది. ఒకచోట పెరుగుదల, మరొకచోట తరుగుదల ఏకకాలంలో సాగుతున్న ఈ దశలో, ఎంతమంది పిల్లలు పుట్టాలన్న అంకెను పట్టుకుని వేళ్లాడిన విధానాలు రెండు వైపులా విఫలమయ్యాయి. ఎప్పుడు పెళ్లి చేసుకోవాలి, ఎప్పుడు తల్లి కావాలి, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్న నిర్ణయాలు స్త్రీ చేతికి వచ్చినచోట జనాభా ప్రశ్న సగం పరిష్కారమైందని చరిత్ర చూపుతోంది. ఆ నిర్ణయాధికారం పెరగడానికి తోడ్పడటమే ఈ రంగంలో సేవాక్లబ్బుల అసలు కర్తవ్యం.

వృత్తి, వ్యాపారాల్లో స్థిరపడినవారు స్వచ్ఛందంగా కూడి, తమ సమయాన్ని, ధనాన్ని, పలుకుబడిని సమాజ హితానికి వెచ్చించేందుకు ఏర్పరచుకున్న సంఘాలను సేవాక్లబ్బులు అంటారు. 1905లో పాల్ హారిస్ అనే న్యాయవాది షికాగోలో ప్రారంభించిన రోటరీ వీటిలో మొదటిది కాగా, 1915లో కివానిస్, 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ రూపుదిద్దుకున్నాయి. 1919లో కలకత్తాలో ఏర్పడిన క్లబ్బుతో రోటరీ భారతదేశంలో అడుగుపెట్టగా, లయన్స్ 1956లో బొంబాయిలో మొదలైంది. నేడు తెలుగు నేల మీద జిల్లా కేంద్రాల్లోనే కాక చిన్న పట్టణాల్లో కూడా వైద్యులు, న్యాయవాదులు, మిల్లుల యజమానులు, ఉపాధ్యాయులు సభ్యులుగా ఉన్న ఈ క్లబ్బులు కంటి శిబిరాలకు, రక్తదానానికి, మంచినీటి ప్లాంట్లకు పేరుపొందాయి. జనాభా విషయంలో మాత్రం వీటి శక్తి ఇంకా పూర్తిగా వినియోగంలోకి రాలేదు.

లెక్క తగ్గింది, భారం తగ్గలేదు

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలను కంటుందో తెలిపే అంకెను మొత్తం సంతానోత్పత్తి రేటు అంటారు. తల్లిదండ్రుల తరాన్ని పిల్లల తరం సరిగ్గా భర్తీ చేయాలంటే ఆ రేటు సుమారు 2.1 ఉండాలి కాబట్టి దానిని భర్తీ స్థాయిగా పరిగణిస్తారు. 1992-93లో జరిగిన తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 3.4గా ఉన్న భారతదేశపు రేటు, 2019-21 నాటి ఐదో సర్వే వచ్చేసరికి 2.0కు దిగింది, ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8. అయినా దేశ జనాభా పెరుగుతూనే ఉంది, 2060ల ఆరంభంలో దాదాపు 170 కోట్ల వద్ద గరిష్ఠానికి చేరవచ్చని ఐక్యరాజ్యసమితి అంచనా. గత తరంలో పుట్టినవారు పెద్ద సంఖ్యలో ఇప్పుడు సంతానవయసులో ఉన్నందున, ఒక్కొక్కరికి ఇద్దరేసి పిల్లలే పుట్టినా మొత్తం జననాలు మరణాలను మించడమే ఇందుకు కారణం. జనాభా ఊపుగా చెప్పదగిన ఈ పరిణామాన్ని ఆపరేషన్ల సంఖ్య పెంచి ఆపడం సాధ్యం కాదు. మొదటి కాన్పు ఆలస్యమై, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెరిగితే తరానికీ తరానికీ మధ్య దూరం పెరిగి ఆ ఊపు నెమ్మదిస్తుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం ఇక్కడే ప్రత్యేక పరిశీలనకు అర్హమవుతుంది. ఐదో సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో వారు 29.3 శాతం. అక్కడే వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారు కాగా, మాత్రలు, కాపర్-టీ, ఇంజెక్షన్ వంటి తాత్కాలిక పద్ధతుల వాడకం నామమాత్రంగా ఉంది. అంటే చదువు మధ్యలో ఆగి పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఇరవైల తొలినాళ్లలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అన్న క్రమంలో వేలాది మంది ఆడపిల్లల జీవితం సాగిపోతోంది. సంతానోత్పత్తి రేటు ఐరోపా దేశాల స్థాయికి దిగినా, ఆ రేటు వెనుక ఉన్న స్త్రీకి రక్తహీనత తప్పలేదు, చదువు పూర్తికాలేదు, ఎంచుకునే అవకాశం దక్కలేదు. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారన్న వాస్తవం, జనాభా నియంత్రణలో విజయం సాధించామన్న తృప్తిని ప్రశ్నిస్తూనే ఉంటుంది.

శిబిరాలు నేర్పిన పాఠం

ప్రపంచంలోనే మొట్టమొదటి ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని 1952లో ప్రారంభించిన దేశం భారత్. దానికి మూడేళ్ల ముందే, 1949లో, ధన్వంతి రామారావు ఆధ్వర్యంలో భారత కుటుంబ నియంత్రణ సంఘం ఏర్పడటం, 1970లో జేఆర్‌డీ టాటా ప్రోత్సాహంతో పాపులేషన్ ఫౌండేషన్ వెలియడం ఈ రంగంలో స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వం కంటే ముందుండో, వెన్నంటి నడిచో పనిచేశాయని తెలుపుతాయి. అయితే 1971లో కేరళలోని ఎర్నాకుళంలో నగదు, కానుకల ప్రోత్సాహంతో నెల రోజుల్లో 63 వేలకు పైగా వేసెక్టమీలు చేసిన భారీ శిబిరం దేశమంతటికీ నమూనా అయింది, ఆ నమూనాయే అత్యవసర పరిస్థితి కాలంలో నిర్బంధంగా మారింది. 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకు పైగా స్టెరిలైజేషన్లు జరిగాయి. వాటిలో అత్యధికం పురుషులవే కాగా, ఆ బలవంతం మిగిల్చిన భయం వల్ల ఆ తరువాత భారమంతా స్త్రీల మీదికి మళ్లింది.

శిబిర పద్ధతి ప్రమాదం అక్కడితో ముగియలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ జిల్లాలో కొద్ది గంటల్లోనే 80 మందికి పైగా స్త్రీలకు ఆపరేషన్లు చేసిన శిబిరం పలువురి ప్రాణాలు తీసింది. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు స్టెరిలైజేషన్ శిబిరాలను మూడేళ్లలో క్రమంగా నిలిపివేయాలని ఆదేశించింది. అయినప్పటికీ 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజున 34 మందికి ఆపరేషన్లు జరగ్గా నలుగురు తల్లులు మరణించారు. సంఖ్యే లక్ష్యమైనప్పుడు ఒక్కొక్క స్త్రీ మీద పెట్టవలసిన శ్రద్ధ తగ్గుతుందని ఈ ఘటనలన్నీ చెబుతున్నాయి. ఒక రోజు కార్యక్రమం, బ్యానరు, హాజరైనవారి లెక్క అన్న పద్ధతికి అలవాటుపడిన సేవాక్లబ్బులు ఈ పాఠాన్ని అందరికంటే ముందు గ్రహించాలి. కంటిశుక్లం ఆపరేషనుకు శిబిరం ఉపయోగపడవచ్చు, సంతానం గురించిన నిర్ణయానికి మాత్రం శిబిరం తగిన చోటు కాదు.

1994లో కైరోలో 179 దేశాలు పాల్గొన్న జనాభా, అభివృద్ధి అంతర్జాతీయ సదస్సు ఈ అవగాహననే ప్రపంచ విధానంగా మలచింది. జనాభా లక్ష్యాల స్థానంలో స్త్రీల ఆరోగ్యం, విద్య, హక్కులను కేంద్రంగా చేసుకోవాలని ఆ సదస్సు నిర్ణయించగా, భారత ప్రభుత్వం 1996లో పైనుంచి విధించే లక్ష్యాలను ఎత్తివేసింది, 2000లో ప్రకటించిన జాతీయ జనాభా విధానంలో స్వచ్ఛంద అంగీకారాన్ని మూలసూత్రంగా చేర్చింది. గర్భం వద్దనుకుంటున్నా, వాయిదా వేయాలనుకుంటున్నా ఏ పద్ధతీ వాడలేకపోతున్న వివాహితల స్థితిని ఈ శాస్త్రంలో తీరని అవసరం అంటారు. ఐదో సర్వే నాటికి దేశంలో 9.4 శాతం వివాహితలు ఈ స్థితిలో ఉన్నారు. వారిని ఎవరూ ఒప్పించనక్కరలేదు. కోరుకున్నది అందుబాటులోకి తేవడమే చాలు.

పోలియో పోరాటం చూపిన దారి

సేవాక్లబ్బులు పెద్ద లక్ష్యాన్ని దశాబ్దాలపాటు మోయగలవా అన్న సందేహానికి పోలియో నిర్మూలన సమాధానమిస్తుంది. 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు చుక్కల మందు వేయించే పనితో మొదలై, 1985లో పోలియోప్లస్ పేరిట ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని చేపట్టిన రోటరీ, ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌లతో కలిసి పనిచేసింది. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదు కాగా, 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఈ విజయంలో క్లబ్బుల పాత్ర విరాళాలకే పరిమితం కాలేదు. ఉత్తరప్రదేశ్‌లో అపోహలతో తలుపులు మూసుకున్న కుటుంబాల దగ్గరికి అదే సముదాయానికి చెందిన మతపెద్దలను, వైద్యులను వెంటబెట్టుకుని వెళ్లడం, టీకా రోజున స్వచ్ఛంద సేవకులను సమకూర్చడం, ప్రభుత్వాలు మారినా కార్యక్రమం కుంటుపడకుండా నాయకులను కలిసి గుర్తుచేస్తూ ఉండటం వంటి పనులు వారు ఏళ్ల తరబడి చేశారు.

ఈ అనుభవంలోని కొంత భాగమే జనాభా రంగానికి వర్తిస్తుంది. స్థానిక విశ్వాసం, దీర్ఘకాల ఓర్పు, ప్రభుత్వ వ్యవస్థతో పోటీ పడక దానికి తోడుగా నిలిచే తీరు ఇక్కడ కూడా అవసరం. అయితే పోలియో చుక్కలు బిడ్డ నోట్లో పడితే ఆ పూటకు పని పూర్తవుతుంది, సంతాన నిర్ణయం మాత్రం ఇరవై ఏళ్లకు పైగా సాగే సంతానవయసులో మళ్లీ మళ్లీ తీసుకోవలసినది. ప్రతిసారీ సమాచారం, గోప్యత, ప్రత్యామ్నాయ పద్ధతులు కావాలి. అందరికీ ఒకే మందు వేయవలసిన పోలియో కార్యక్రమానికి, ఒక్కొక్కరికీ ఒక్కో ఎంపిక ఉండవలసిన ఈ కార్యక్రమానికి ఉన్న ఈ తేడాను విస్మరిస్తే క్లబ్బులు తిరిగి శిబిరాల దారి పట్టే ప్రమాదముంది.

రోటరీ సభ్యులలో జనాభా ప్రశ్న మీద ఆసక్తి గలవారు 1996లో జనాభా, అభివృద్ధి పేరిట అంతర్జాతీయ బృందంగా ఏర్పడ్డారు. కాలక్రమంలో ఆ బృందం కార్యక్రమాలు పునరుత్పత్తి, తల్లీబిడ్డల ఆరోగ్యం చుట్టూ కేంద్రీకృతమై, పేరు కూడా ఆ మేరకు మారింది. నైజీరియాలో జర్మన్ క్లబ్బుల తోడ్పాటుతో ఆస్పత్రుల నాణ్యతను, ప్రసవ సేవలను మెరుగుపరచిన దీర్ఘకాల కృషి ఈ దిశలో ముఖ్యమైనది. ఆ దేశంలోని ఎంపిక చేసిన ప్రాంతాల్లో తల్లుల, నవజాత శిశువుల మరణాలను తగ్గించే కార్యక్రమానికి 2022లో రోటరీ ఫౌండేషన్ 20 లక్షల డాలర్లు కేటాయించింది. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పెట్టిన శ్రద్ధ జనాభా మీద ఎందుకు ప్రభావం చూపుతుందంటే, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న భరోసా కలిగిన తరువాతే ఏ సమాజంలోనైనా కుటుంబ పరిమాణం నిలకడగా తగ్గింది. ప్రతి లక్ష జననాలకు 2018-20లో దేశంలో 97 మంది తల్లులు మరణించగా, అస్సాంలో ఆ సంఖ్య 195, కేరళలో 19గా నమోదైంది. ఈ అంతరం పూడ్చడం జనాభా కార్యక్రమంలో భాగమే.

చదువు, పెళ్లి వయసు, మగవారి వంతు

ఐదో సర్వే ప్రకారం బడి ముఖం చూడని స్త్రీలలో సంతానోత్పత్తి రేటు 2.8 కాగా, పన్నెండేళ్లు లేదా అంతకుమించి చదివినవారిలో అది 1.8. ఈ కారణంగా పదో తరగతి తరువాత ఆడపిల్ల ఇంటర్మీడియట్‌లో చేరేలా చూడటం జనాభా రంగంలో అత్యంత ఫలవంతమైన పెట్టుబడి అవుతుంది. ఊళ్లో కళాశాల లేకపోవడం, బస్సు సమయానికి రాకపోవడం, బడిలో మరుగుదొడ్డి పనిచేయకపోవడం, హాస్టలు మీద తల్లిదండ్రులకు నమ్మకం లేకపోవడం వంటి చిన్నవిగా కనిపించే కారణాలే చదువు ఆగడానికీ, పెళ్లి జరగడానికీ మధ్య దూరాన్ని చెరిపేస్తున్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పట్టణ క్లబ్బు చేతికి అందే పనే. పది గ్రామాల్లో పదో తరగతి పూర్తిచేసిన బాలికల జాబితా తీసుకుని, రెండేళ్లపాటు వారి రాకపోకలకు, రుసుములకు, వసతికి బాధ్యత వహించి, చదువు మానిన బాలిక ఇంటికి అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలతో కలిసి వెళ్లే క్లబ్బు, బాల్యవివాహాలపై వంద సభలు జరిపిన క్లబ్బు కంటే ఎక్కువ మార్పు తీసుకురాగలదు. తెలుగునాట ద్వాక్రా కాలం నుంచి బలపడిన మహిళా సంఘాలు ఈ పనికి సహజ భాగస్వాములు.

కుటుంబ నియంత్రణ బాధ్యతలో పురుషుడి వాటా మరో ముఖ్యమైన విషయం. దేశంలో వివాహితలలో 37.9 శాతం మంది ట్యూబెక్టమీ మీద ఆధారపడుతుండగా, భర్తలు వేసెక్టమీ చేయించుకున్న జంటలు 0.3 శాతం మాత్రమే. గర్భనిరోధం ఆడవారి పని అని, తమకు పట్టనవసరం లేదని 35 శాతం పురుషులు సర్వేలో అభిప్రాయపడ్డారు. కోత, కుట్లు అవసరం లేని ఆధునిక వేసెక్టమీ, ట్యూబెక్టమీ కంటే సులభమైనది, సురక్షితమైనది. అయితే అది వెంటనే ఫలించదు కాబట్టి సుమారు మూడు నెలలపాటు వేరే పద్ధతి వాడి, పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఈ శస్త్రచికిత్స వల్ల బలహీనత వస్తుందన్న అపోహ ఊళ్లలో బలంగా ఉన్నప్పుడు, దానిని తొలగించగలవారు తోటి పురుషులే. చరిత్రరీత్యా పురుషుల సంఘాలుగా మొదలైన సేవాక్లబ్బులకు ఇక్కడ ప్రత్యేక బాధ్యత ఉంది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, 1989లో నియమావళి సవరణ తరువాతే రోటరీలో స్త్రీలకు సభ్యత్వ ద్వారం పూర్తిగా తెరుచుకుంది. నేటికీ పురుష సభ్యులు అధికంగా ఉన్న ఈ సంఘాల్లోని వైద్యుడు, మిల్లు యజమాని, ఉపాధ్యాయుడు తమ తమ పనిచోట్ల మగవారితో ఈ విషయం మాట్లాడగలిగితే అది ఏ గోడపత్రికా చేయలేని పని చేస్తుంది. అలాగే క్లబ్బుల నిర్ణయాల్లో స్త్రీలు సమాన సంఖ్యలో లేకుండా స్త్రీల నిర్ణయాధికారం గురించి చెప్పే మాటకు విలువ రాదు.

నీరు, వినియోగం, వృద్ధాప్యం

భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి తరం తన అవసరాలు తీర్చుకోవడాన్ని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ సుస్థిర అభివృద్ధిగా నిర్వచించింది. ప్రకృతి మీద పడే భారం జనసంఖ్య మీద మాత్రమే కాక, ఒక్కొక్కరు వాడే వనరుల మీద, ఆ వాడకానికి ఎంచుకున్న సాంకేతిక పద్ధతి మీద కూడా ఆధారపడుతుంది. భారతీయుడి సగటు వార్షిక కార్బన్ ఉద్గారం సుమారు 2 టన్నులు కాగా అమెరికన్‌ది దానికి ఏడు రెట్ల దాకా ఉంటుంది. కాబట్టి పేద కుటుంబంలో పుట్టే బిడ్డను పర్యావరణ సమస్యగా చూపించే ప్రచారం శాస్త్రీయంగానూ, నైతికంగానూ నిలవదు. పట్టణ సంపన్న వర్గానికి చెందిన క్లబ్బు సభ్యులు తమ ఇళ్ల, కర్మాగారాల, వివాహ వేదికల వినియోగాన్ని ముందుగా పరిశీలించుకున్నప్పుడే ఇతరులకు చెప్పే నైతిక స్థితిలో ఉంటారు.

తెలుగు క్లబ్బులు విరివిగా నెలకొల్పే మంచినీటి ప్లాంట్లు ఈ దృష్టితో పునఃపరిశీలన కోరుతున్నాయి. ఫ్లోరైడ్ పీడించే నల్లగొండ వంటి ప్రాంతాల్లో ఈ ప్లాంట్లు ఎందరికో మేలు చేసినప్పటికీ, ఆర్‌ఓ పద్ధతిలో బోరు నీటిలో గణనీయ భాగం వృథాగా బయటికి పోతుంది, ఆ నీటిలో ఫ్లోరైడ్ మరింత గాఢంగా ఉంటుంది. ప్లాంటు ప్రారంభించి వెళ్లిపోకుండా, వదిలిన నీటిని ఎటు పంపాలి, బోరుకు ఊట ఎలా పెంచాలి, ఊరి చెరువు పూడిక ఎవరు తీయాలి అన్న ప్రశ్నలకు కూడా సమాధానం చూపే క్లబ్బే సుస్థిర అభివృద్ధికి పనిచేసినట్టు. 2021 నుంచి పర్యావరణాన్ని తన ఏడో ప్రధాన రంగంగా రోటరీ స్వీకరించడం, 2023లో భారతదేశంలో నీటి లభ్యతను, పంట దిగుబడిని పెంచే ప్రాజెక్టుకు 20 లక్షల డాలర్ల సాయం ప్రకటించడం ఈ మార్పుకు సూచనలు.

జననాలు తగ్గిన రాష్ట్రాల్లో వృద్ధుల సంరక్షణ తరువాతి పెద్ద బాధ్యత. దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 2022లో దాదాపు 10.5 శాతం ఉండగా, 2050 నాటికి వారి వాటా 20 శాతం దాటుతుందని అంచనా. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ మార్పు మరింత ముందుగా వస్తోంది. పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, విదేశాలకో వెళ్లిపోయిన ఊళ్లలో ఒంటరి వృద్ధులకు, ముఖ్యంగా ఆస్తి, పింఛను రెండూ లేని వితంతువులకు రోజువారీ తోడు, వైద్యం అందించే ఏర్పాట్లు ఇప్పుడే మొదలుకావాలి. ఎక్కువ మంది పిల్లలను కనమని స్త్రీలకు చెప్పడం కంటే, ఉన్న పిల్లల చదువును, ఉన్న స్త్రీల ఉపాధిని, ఉన్న వృద్ధుల ఆరోగ్యాన్ని బలపరచడం మేలైన జనాభా విధానం.

ఏడాది పదవి, పదేళ్ల పని

సేవాక్లబ్బుల నిర్మాణంలో ఒక సహజ బలహీనత ఉంది. అధ్యక్షుడి పదవీకాలం ఒక్క ఏడాది కావడంతో, ఆ ఏడాదిలో పూర్తయి కనిపించే పనులకే మొగ్గు ఉంటుంది. బాలిక చదువు, కాన్పుల మధ్య ఎడం, భూగర్భజలం వంటివి ఒక ఏడాదిలో ఫలితం చూపవు. దీనికి పరిష్కారం కూడా ఆ సంస్థల నియమాల్లోనే దొరుకుతుంది. రెండు దేశాల క్లబ్బులు కలిసి, కనీసం 30 వేల డాలర్ల వ్యయంతో చేపట్టే రోటరీ గ్లోబల్ గ్రాంట్ ప్రాజెక్టులకు ముందుగా స్థానిక అవసరాల అధ్యయనం తప్పనిసరి, ఫలితాల కొలత కూడా తప్పనిసరి. విదేశాల్లోని క్లబ్బుల్లో సభ్యులైన తెలుగువారు తమ సొంత జిల్లాల క్లబ్బులతో చేయి కలిపితే ఈ మార్గంలో దీర్ఘకాల కార్యక్రమాలకు నిధులు సమకూరుతాయి. ఎన్నుకున్న ఒక మండలానికి పదేళ్ల ప్రణాళిక రాసుకుని, వచ్చే ప్రతి అధ్యక్షుడూ దానిని కొనసాగిస్తానని ప్రమాణస్వీకారం రోజునే అంగీకరించే సంప్రదాయం ఏర్పడాలి. ఎన్ని ఆపరేషన్లు, ఎంతమంది హాజరు అన్న లెక్కల స్థానంలో పద్దెనిమిదేళ్లు నిండాకే పెళ్లయిన బాలికలు ఎందరు, ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు ఎందరు, తాత్కాలిక పద్ధతి కోరినవారిలో పొందగలిగినవారు ఎందరు, వేసవిలో బోరులో నీటిమట్టం ఎంత అన్న కొలమానాలు రావాలి.

ప్రభుత్వానికి చట్టం, నిధులు, సిబ్బంది ఉన్నాయి. సేవాక్లబ్బులకు వాటికంటే భిన్నమైన శక్తి, అంటే పొరుగువాడి మాట మీద పొరుగువాడికి ఉండే గురి, ఉంది. ఆ గురిని ఎవరి గర్భసంచి మీదా లక్ష్యాలు విధించడానికి వాడకూడదు; ఆడపిల్ల చదువు, ఆమె ఎంపిక, ఆమె భర్త బాధ్యత, ఊరి నీరు, ముసలివారి గౌరవం అన్న ఐదు విషయాల మీద కేంద్రీకరిస్తే, జననాలు ఎక్కువగా ఉన్నచోట అవి వాటంతటవే తగ్గుతాయి, తక్కువగా ఉన్నచోట ఉన్నవారి జీవితం నిలదొక్కుకుంటుంది. ఈ ఐదింటిలో ఒకదానినైనా తమ పట్టణం చుట్టూ ఉన్న గ్రామాల్లో పదేళ్లపాటు విడవకుండా పట్టుకునే నిర్ణయాన్ని ప్రతి క్లబ్బూ ఈ ఏడాదే తీసుకోవాలి.